తాత నాదస్వరం, చిన్నతాత ఒత్తు

(తిరుపతిలో ఒక సభలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)

సభకు నమస్కారం.

ప్రసంగానికి ముందు ఒక చిన్న పని ఉంది. ఈ గ్లాసులోని నీళ్లలో మీ ముందే ఈ సీవాళిని వేస్తున్నాను. సీవాళి అంటే నాదస్వరం కొసన పెట్టి ఊదే గడ్డిపీక. కచేరీలు చేసే విద్వాంసులు దానిని నోటిలోనే తడుపుకుంటారు గాని, ఇది కొన్ని నెలలుగా డబ్బాలో ఉండి బిగుసుకుపోయింది కనుక నీళ్లలో వేయక తప్పదు. అలాగని ఎక్కువసేపు నానితే దాని పెదవులు రెండూ విచ్చుకుని పనికి రాకుండా పోతుంది. కాబట్టి నేను ఎంతసేపు మాట్లాడాలో ఇవాళ నిర్ణయించేది నిర్వాహకులు కాదు, ఈ గ్లాసు.

బల్ల మీద ఉన్న వాద్యం మా తాతది. మీరు ఇప్పుడు గుళ్లలో, పెళ్లిళ్లలో చూసే నాదస్వరం మూడడుగులకు దగ్గరగా ఉంటుంది. దానిని బారి అంటారు. ఇది అంతకంటే చాలా పొట్టిది, దీనిని తిమిరి అంటారు. పొట్టిది కనుక శ్రుతి ఎక్కువ. బారి సాధారణంగా రెండు, రెండున్నర కట్టెల శ్రుతిలో పలికితే, ఇది నాలుగున్నర కట్టెలలో పలుకుతుంది. ఇక్కడ కట్టె అంటే చెక్క కాదు, శ్రుతి ఎత్తును చెప్పే మెట్టు. ముందు వరుసలో ఉన్నవారు గమనించి ఉంటారు, రంధ్రాల అంచులు గుండ్రంగా లేవు, వేలి ఒరిపిడికి ఒక పక్కకు జారినట్టు అరిగి ఉన్నాయి. వేళ్లు ఆడేవి పైనున్న ఏడు రంధ్రాల మీద మాత్రమే. కింద ఇంకో అయిదున్నాయి, వాటిని వేళ్లతో మూయరు. నాదం సరిచూసుకోవడానికి అవసరమైన వాటిని మైనంతో పూడ్చుకుంటారు. ఈ వాద్యంలో రెండు రంధ్రాలలో కనిపించే నల్లని మైనం మా తాత పెట్టినదే. దానిని ఎవరూ తీయలేదు, తీయనివ్వలేదు.

పేరు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. దీని పాత పేరు నాగస్వరమని, నాదస్వరం తరువాత స్థిరపడినదని పెద్దలు అంటారు. తెలుగునాట నాగస్వరం అనగానే పాములవాడి బుర్ర గుర్తుకు వస్తుంది కనుక మనకు నాదస్వరమే అలవాటైంది. పల్లెల్లో అయితే ఈ రెండూ కాక సన్నాయి అనే అంటారు. మా ఇంట్లో మాత్రం మేళం అనేవారు. ఒక వాద్యానికి కాక, నాదస్వరం, డోలు, ఆధార శ్రుతి పట్టే ఒత్తు, తాళం నాలుగింటికీ కలిపి ఆ మాట. ఎవరైనా వచ్చి తాతను పెళ్లికి పిలిస్తే, ‘సన్నాయి వాయిస్తావా’ అని కాదు, ‘మేళం వస్తుందా’ అని అడిగేవారు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఆ అడగడంలోనే ఉంది. మనం తరువాతి కాలంలో మేళాన్ని మరిచి, ముందు నిలబడి ఊదే ఒక్క మనిషినే చూడడం నేర్చుకున్నాం.

మాది కార్వేటినగరం దగ్గర ఒక పల్లె. నాయీబ్రాహ్మణ కుటుంబం. మగవారికి క్షౌరమూ మేళమూ రెండూ వృత్తులే. మా అవ్వ మంత్రసాని. ఊళ్లో పుట్టిన బిడ్డను మొదట అందుకున్నవి అవ్వ చేతులు, ఆ బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసినవి తాత చేతులు, తరువాత అదే బిడ్డ పెళ్లిలో మంగళసూత్రం కట్టే వేళ గట్టిమేళం మోగించినవీ ఆ చేతులే. ఇంత చేసినా ఆ పెళ్లిపందిట్లో వారికి విస్తరి ఎక్కడ వేసేవారో, ఏ వరుస తరువాత వేసేవారో నా వయసు వారికి చెప్పనక్కరలేదు. అది వేరే ప్రసంగం.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది; అంతకు ముందు మా ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో చేరినప్పుడు మా నాయనమ్మగారి పుట్టిల్లు, అంటే అవ్వ పుట్టిల్లు, రాత్రికి రాత్రి పరాయి రాష్ట్రమైపోయింది. సంగీతానికి మాత్రం ఆ సరిహద్దు ఎన్నడూ పట్టలేదు. మా తాత కార్వేటినగరం కొలువులో పుట్టిన సారంగపాణి పదాలను వేణుగోపాల అనే ఆయన సంతకపు ముద్రతో సహా తెలుగులో నేర్చుకుని వాయించేవారు. ఊరేగింపు గుడి వాకిలి దాటే వేళ గంభీరనాట రాగంలో మల్లారి అనే ఊరేగింపు బాణీని తంజావూరు పద్ధతిలో ఎత్తుకునేవారు. వాద్యం భాగాల పేర్లు కూడా మా ఇంట్లో తమిళమే. పైనుంచి పలికేది సీవాళి, దానికి కింద దూర్చే చిన్న లోహపు గొట్టం కెండై, కింద విప్పారిన పువ్వులాంటిది అనసు. తెలుగు మాటలు ఉండవచ్చు. మా ఇంట్లో అవి వినలేదు.

గాలితో పలికే వాద్యాలను సుషిర వాద్యాలని వేరు చేసిన సంప్రదాయం భరతుని నాట్యశాస్త్రం నాటిది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో వాద్యాలకు ఒక అధ్యాయమంతా ఇచ్చాడు. ఆ గ్రంథాలను నేను ఉద్యోగంలో చేరాక చదివాను. కాని సుషిరం అంటే ఏమిటో నాకు అంతకు ముందే, మా కొట్టం స్తంభం ద్వారా తెలిసింది. అక్కడికి వస్తాను.

ఈ వాద్యానికి వాడే చెట్టును తమిళులు ఆచ్చా అంటారు. అది ఎక్కడి చెట్టో అని మీరు అనుకోవద్దు. మనం ఏపి, నారయేపి అని పిలిచే చెట్టే. రాయలసీమ మెట్ట అడవులలో పెరుగుతుంది. దాని చేవ నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. మన పాత ఇళ్లలో దూలాలకూ స్తంభాలకూ దానిని వాడేవారు, చెదలకు లొంగదని. నాదస్వరం చేసే పనివారికి పచ్చికట్టె పనికిరాదు. ఏళ్ల తరబడి ఎండి, తనలోని తడినంతా వదులుకుని, ఇక వంగడానికీ పగలడానికీ మిగలనంతగా స్థిరపడిన కట్టె కావాలి. అందుకే వారు అడవికంటే పాత ఇళ్లు కూల్చే చోటికే ఎక్కువగా వెళతారు.

ఆ పనికి పేరుపొందిన ఊరు కుంభకోణం దగ్గరి నరసింగంపేట. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తరిమెన మీద కట్టెను తిప్పుతూ ఉలితో పైరూపు తెస్తారు, పొడవాటి బరమాలతో లోపలి తొర్రను తొలుస్తారు. తొర్ర గొట్టంలా సమానంగా ఉండకూడదు. సీవాళి దగ్గర సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పు కావాలి. లోపల ఎక్కడో ఒకచోట బరమా గింజంత పక్కకు జరిగితే బయటికి ఏమీ కనిపించదు, ఒక స్వరం మాత్రం జీవితాంతం మొండికేస్తుంది. తాత వాద్యానికీ అటువంటి మొండితనం ఒకటుంది. శుద్ధ మధ్యమం, అంటే రెండు ‘మ’లలో దిగువది, దానంతటది పలకదు. ఇది మా తాత వాద్యానికే ఉన్న లోపం కాదు, పాత తిమిరి వాద్యాలలో సాధారణంగా ఉన్నదే. ఆ స్వరం కావాలంటే వేలితో చాలదు, పెదవితో సీవాళిని నొక్కి, ఊపిరి తగ్గించి, బతిమాలి తెచ్చుకోవాలి. తెలుగులో ‘సన్నాయి నొక్కులు’ అనే మాటను మనం ఎత్తిపొడుపు మాటలకు వాడతాం. అసలు నొక్కు ఎంత కష్టమో తెలిసినవారు ఆ మాటను అంత తేలికగా వాడరు.

కట్టె గురించి ఇంత చెప్పాను గాని, మా అవ్వను అడిగితే ఇందులో సగం మాటలు కొట్టివేసేది. ఆమె దృష్టిలో వాద్యమంటే సీవాళి. ‘కట్టెకేముందమ్మే, కట్టె మనకంటే ఎక్కువ బతుకుతాది. ఈ గడ్డిపోచను కాపాడుకోవాల’ అనేది. కావేరి ఒడ్డున పెరిగే రెల్లుజాతి గడ్డి అది, తమిళంలో నాణల్ అంటారు. కోసిన గడ్డిని చాలాకాలం ఎండనిచ్చి, వడ్లతో పాటు ఉడకబెట్టి, మళ్లీ ఎండబెట్టి, కొలతకు కోసి, చదును చేసి, మొదట్లో దారంతో చుట్టి కడతారు. తంజావూరు సీమ నుంచి కట్టలుగా తెప్పించుకున్న సీవాళీలలో పది చూస్తే రెండు పలికేవి. మిగిలినవాటిని తాత కత్తితో గీకి, తడిపి, ఊది, మళ్లీ గీకి దారికి తెచ్చుకునేవారు. వాద్యానికి ఒక దారంతో అదనపు సీవాళీలూ ఒక సన్నని సూదీ వేలాడుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. చాలామంది అది అలంకారమనుకుంటారు. పాట మధ్యలో సీవాళి మూసుకుపోతే సూదితో తెరవాలి, చీలిపోతే మార్చాలి. అందుకు ఆ ఏర్పాటు. కొన్ని వారాలు పలికే గడ్డిముక్క కోసం తరాలు నిలిచే కట్టె ఎదురుచూస్తుంది.

ఆ సీవాళీలను ఏరడం, ఎండబెట్టడం, దారం చుట్టడం అవ్వ పని. అవ్వతో పాటు నా పని. దూది పరిచిన రేకుడబ్బాలో, మెత్తనివి ఒక పక్క, గట్టివి ఒక పక్క సర్దేదాన్ని. చలికాలానికి ఏది, ఎండాకాలానికి ఏది అన్నది ఎనిమిదేళ్లకే నాకు తెలుసు. ఊదడం మాత్రం నేర్పలేదు. మా అన్నకు నేర్పారు. ఆడపిల్ల బుగ్గలు ఉబ్బించి ఊదితే ఎవరు చేసుకుంటారని మా నాయన అన్నారు, తాత ఏమీ అనలేదు. ప్రకాశం జిల్లా మూలాలున్న కాలీషాబీ మహబూబ్ గారు, భర్త షేక్ మహబూబ్ సుబానీ గారితో కలిసి వాయించి, ఇద్దరూ కలిసి 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్నప్పుడు నేను ఆ వార్తను పత్రికలోంచి కత్తిరించి ఆ పాత రేకుడబ్బాలోనే పెట్టుకున్నాను. ఇప్పుడు గ్లాసులో ఉన్న సీవాళి ఆ డబ్బాలోనిదే, కట్టినది నేనే.

మధ్యలో ఒక సరదా సంగతి. మా చిత్తూరు వైపు మామిడికాయల కాలంలోనే పెళ్లిళ్లు. మేళం ఎదురుగా నిలబడి పచ్చిమామిడికాయ కొరికితే వాయించేవారి నోట నీరూరి ఊపిరి తప్పుతుందని ఊరి పిల్లలందరికీ తెలుసు. తాతకు నోట నీరూరడం నేను చూడలేదు. పాట ఆపకుండానే కనుబొమలతో ఒక పెద్దమనిషిని పిలిచేవారు, ఆయన వచ్చి పిల్లల చెవులు పట్టుకుని తీసుకువెళ్లేవాడు. కాని చిన్నతాత మాత్రం దొరికిపోయేవారు.

చిన్నతాత ఒత్తు పట్టేవారు. ఈ సభలో ముప్ఫై ఏళ్లలోపు వారు ఒత్తును చూసి ఉండరు. చూడడానికి నాదస్వరంలాగే ఉంటుంది, స్వరాలు పలికించే రంధ్రాలు ఉండవు. పలికేది ఒక్కటే స్వరం, ఆధార షడ్జమం. అది తెగకూడదు. మల్లారి మొదలైనప్పటి నుంచి మంగళం పాడేదాకా, స్వామి నాలుగు వీధులు తిరిగి వచ్చేదాకా, ఆ ఒక్క స్వరమూ ఆగకుండా సాగాలి. బుగ్గలలో గాలి నిలుపుకుని దానిని బయటికి నెడుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. నోట్లో నీరూరితే మింగడానికి కూడా సందు దొరకదు, అందుకే మామిడికాయ ముందు ఆయన ఓడిపోయేవారు. ఆ ఒక్కచోట తప్ప ఆయన ఊపిరి తెగడం ఊళ్లో ఎవరూ వినలేదు. అన్నగారు కల్యాణి ఆలాపన చేస్తూ జనం చేత తల ఊపించేవారు. తమ్ముడు పక్కన నిలబడి ‘స’ అనేవారు, ఏళ్లకు ఏళ్లు, అదే ‘స’. ఎవరూ ఆయనను ఎన్నడూ మెచ్చుకోలేదు, ఎందుకంటే ఒత్తు సరిగా ఉన్నప్పుడు అది వినిపించినట్టే ఉండదు.

ఇప్పుడు కొట్టం స్తంభం దగ్గరికి వస్తాను. నాదస్వర విద్వాంసులు తిరువావడుదురై టి.ఎన్. రాజరత్నం పిళ్లై గారు 1898లో పుట్టి 1956లో పోయారు. ఆయన నరసింగంపేట రంగనాథన్ ఆచారి గారి చేత వాద్యాన్ని పొడవు పెంచి చేయించారు. శ్రుతి దిగింది, నాదం గంభీరమైంది, ఆ మొండి శుద్ధ మధ్యమం చక్కగా పలికింది. ఆ తరువాత వాయించేవారిలో ఎక్కువమంది బారి వైపే వెళ్లారు. పిళ్లై గారి తోడి రాగం గ్రామఫోన్ పలకల మీద మా వైపుకు కూడా వచ్చింది. మా నాయన ఎవరి ఇంట్లోనో అది విని వచ్చి, రెండు రోజులు సరిగా అన్నం తినలేదని అవ్వ చెప్పేది. తనకు బారి కావాలన్నారు. తాత వద్దన్నారు. ఆయన వాదం డబ్బు గురించి కాదు. గుడి వీధిలో, తెరపలో వాయించే మేళానికి తిమిరి గొంతే అందుతుందని. ఆ మాటలో నిజముంది. మైకులు లేని కాలానికి ఆ హెచ్చుశ్రుతి సరిపోయింది. కచేరీ వేదికలూ మైకులూ వచ్చాక బారికి దారి సుగమమైంది. రెంటిలో ఏది గొప్ప అంటే, వినడానికి నాకు బారి ఇష్టం. తాత వినలేని చోట ఈ మాట చెబుతున్నాను.

ఆ ఏడు వానలకు మా పశువుల కొట్టం పడిపోయింది. దాని స్తంభాలు ఏపికట్టె. ఎవరు నాటించారో తాతకే తెలియనంత పాతవి. నాయన ఒక స్తంభాన్ని రెండు ముక్కలు కోయించి, గోనెలో చుట్టి, కాట్పాడి, విల్లుపురం మీదుగా మీటర్‌గేజ్ బళ్లు మారి నరసింగంపేటకు మోసుకువెళ్లారు. ఆచారి గారు ముక్కలను రాతి మీద తట్టి విన్నారట. ఒకటి తరిమెన మీద నిలవక పగిలింది. రెండోది నిలిచింది. కొట్టంలో ఆవును కట్టిన పలుపు ఒరిపిడికి పడిన గాడి పైచెక్కుతో పాటు పోయింది గాని, తొలిసారి ఊదినప్పుడు వాద్యంలో కొట్టం వాసన వచ్చిందని నాయన జీవితమంతా చెప్పేవారు. నేను నమ్మలేదు, ఆయనతో ఆ మాట అనలేదు. మనం ఏళ్లుగా ఆనుకుని కూర్చున్న స్తంభానికి తొర్ర తొలిస్తే ఇంత గొంతు వచ్చిందే అన్న ఆశ్చర్యం మాత్రం నాకూ ఉంది. సుషిరమంటే తొర్రే కదా.

ఇంటికి కొత్త వాద్యం వచ్చిన సంబరంలో ఎవరికీ తట్టని సంగతి ఒకటి, మొదటి సాధన రోజున బయటపడింది. చిన్నతాత ఒత్తు నాలుగున్నర కట్టెలది. నాయన బారి రెండున్నర కట్టెలది. రెండూ కలవవు. సీవాళి మార్చి చూశారు, కెండై పొడవు మార్చి చూశారు. అర కట్టె సర్దుకోవచ్చు గాని రెండు కట్టెల తేడాను ఏ సీవాళి మోస్తుంది? కొత్త ఒత్తు చేయించాలంటే ఇంకో ప్రయాణం, ఇంకో ఖర్చు. అప్పటికే చాలా మేళాలు తిత్తి ఉన్న శ్రుతిపెట్టెకు మారాయి. నాయన పుత్తూరులో ఒకటి కొన్నారు. దానిని ఎవరైనా ఆడించవచ్చు. పదేళ్ల మా అన్న ఆడించాడు. చిన్నతాత చేతికి తాళాలు ఇచ్చారు. ఆయన అలగలేదు, మాట అనలేదు. తాళం తప్పకుండా వేసేవారు. కాని సాయంత్రాలు చేని గట్టున కూర్చుని ఒత్తు ఊదుకునేవారు, పక్కన పాట లేకుండా. ఆధార శ్రుతి ఒంటరిగా ఎలా ఉంటుందో మీరు విన్నారో లేదో. దూరం నుంచి విన్నవారు ఎవరో పాట మొదలుపెట్టబోతున్నారనుకునేవారు.

తరువాతి కథ మీకు తెలిసినదే కనుక త్వరగా చెబుతాను. శ్రుతిపెట్టె పోయి కరెంటుతో పలికే పెట్టె వచ్చింది, అది పోయి ఫోనులోకి చేరింది. కొన్ని గుళ్లలో హారతి వేళ డోలునూ గంటనూ మోటారే కొడుతోంది. పెళ్లిలో మేళాన్ని మంగళసూత్రం వరకు ఉంచి, తరువాత పెద్ద స్పీకర్ల కోసం ఆపమంటున్నారు; ఒక పెళ్లిలో మా అన్నను రాగం మధ్యలో భుజం తట్టి ఆపారు. ఇంకోవైపు, మంచిని కూడా చెప్పాలి. ఈ తిరుపతిలో 1959 నుంచి దేవస్థానం వారి సంగీత కళాశాల ఉంది. కులం అడగకుండా, ఆడపిల్లవా అని అడగకుండా నేర్పే చోటు ఏర్పడింది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించి, 1977లో పద్మశ్రీ పొందారు. ఆయన కాలంలో మన తెలుగువారు తమిళనాటికి వెళ్లి నేర్చుకోవలసి వచ్చింది. మా అన్న మనవరాలు ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లి నేర్చుకుంటోంది.

ఆ అమ్మాయి గత వేసవిలో అటక మీద నుంచి ఒక గోనెసంచి దించింది. అందులో చిన్నతాత ఒత్తు ఉంది. అనసుకు బీట వచ్చింది, తొర్రలో సాలెగూడు. తుడిచి, కొబ్బరినూనె పట్టించి, నా డబ్బాలోని సీవాళి పెట్టి ఊదితే పలికింది. తన బారితో అది కలవదని ఆమెకు వెంటనే అర్థమైంది. అప్పుడు ఈ తిమిరిని అడిగింది. అరవై ఏళ్లకు పైగా ఈ రెండూ కలిసి పలకలేదు.

సీవాళి నానింది, తీసి ఇస్తున్నాను. మా అన్న తిమిరి పట్టుకుంటాడు, మనవరాలు ఒత్తు పడుతుంది. ఊపిరి తెగకుండా పట్టడం ఆమెకు ఇంకా పూర్తిగా రాలేదు, మధ్యలో ఒకటి రెండు సార్లు తెగుతుంది. రాగం కల్యాణి. సాయంకాలమని ఒక కారణం, అందులో శుద్ధ మధ్యమం ఉండదన్నది అసలు కారణం. డోలు వారు నాలుగున్నరకు వార్లు బిగించుకోవాలి, అందుకు కాస్త సమయం ఇవ్వండి. దయచేసి మైకు ఆపివేయండి.